పాత కారులో చార్జింగ్ ఎక్కడ పోతోంది? ఆల్టర్నేటర్ విప్పించే ముందు ఇంటి దగ్గరే తేల్చుకోండి

పొద్దున్నే సెల్ఫ్ కొడితే "టక్ టక్" మని ఊరుకుంటుంది. ఇద్దరు ముగ్గురితో తోయించి స్టార్ట్ చేస్తారు, సాయంత్రానికి కొత్త బ్యాటరీ వేయిస్తారు. మూడు నెలలు తిరక్కుండా మళ్లీ అదే వరస. ఈసారి ఆటోనగర్‌కు తీసుకెళ్తే ఆల్టర్నేటర్ (ఇంజిన్ బెల్టుతో తిరిగి కరెంటు తయారు చేసేది) దించుతారు, కార్బన్లు (దాని లోపలి కాయిల్‌కు కరెంటు అందించే బ్రష్‌లు) మారుస్తారు, డయోడ్ ప్లేటు (ఏసీ కరెంటును డీసీగా మార్చేది) మారుస్తారు. అయినా తగ్గదు. చివరికి చూస్తే ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఉండాల్సిన జానెడు ఎర్త్ తీగ (కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగొచ్చే దారి) ఊడిపోయి ఉంటుంది.

చార్జింగ్ లోపాలు నాలుగు చోట్లే ఉంటాయి. బ్యాటరీ కరెంటును నిలుపుకోలేకపోవడం, ఆల్టర్నేటర్ తయారు చేయలేకపోవడం, తయారైంది దారిలోనే పోవడం, బండి ఆగి ఉన్నప్పుడు ఎవరో తాగేయడం. ఈ నాలుగింటిలో ఏదో తేల్చకుండా పార్టు మార్చడం డబ్బు దండగ. తేల్చడానికి ఒక మల్టీమీటరు, గంటన్నర సమయం చాలు.

ఇక్కడ చెప్పేది మారుతి 800, ఆమ్నీ, జెన్, ఇండికా, సుమో, అంబాసిడర్ వంటి పాత బండ్ల గురించి. ఆల్టర్నేటర్ వోల్టేజిని కంప్యూటరే నియంత్రించే కొత్త కార్లలో అంకెలు ఇంజిన్ నడిచే తీరును బట్టి మారిపోతుంటాయి, వాటిని ఈ కొలతలతో తూచకండి.

కావలసినవి

డిజిటల్ మల్టీమీటరు ఒకటి. అందులో డీసీ వోల్టులు, ఏసీ వోల్టులు, 10 ఆంపియర్ల డీసీ, డయోడ్ పరీక్ష ఉండాలి. క్లాంప్ మీటరు కొనేటట్టయితే డీసీ ఆంపియర్లు చూపించేదేనా అని అడిగి తీసుకోండి. చవకవి చాలావరకు ఏసీ మాత్రమే చూపిస్తాయి, కారుకు పనికిరావు. ఇండికేటర్‌లో వాడే 12 వోల్టుల 21 వాట్ల బల్బుకు రెండు వైర్లు కలిపి ఒక టెస్ట్ ల్యాంపు చేసుకోండి. మీటరు చెప్పలేనివి కూడా ఇది చెబుతుంది. మూతలున్న బ్యాటరీ అయితే హైడ్రోమీటరు (సెల్‌లోని యాసిడ్ సాంద్రత కొలిచేది). ఇక 10, 12 నంబరు పానాలు, వైరు బ్రష్, ఉప్పు కాగితం, వంట సోడా, వాసెలిన్, టార్చి.

మొదలుపెట్టే ముందు ఉంగరాలు, స్టీలు వాచీ తీసేయండి. ప్లస్ టెర్మినల్‌కూ బాడీకీ మధ్య ఉంగరం తగిలితే వేలు కాలిపోతుంది. బ్యాటరీ దగ్గర బీడీ, సిగరెట్టు వద్దు, చార్జింగ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది. టెర్మినల్ విప్పాల్సి వస్తే ఎర్త్ వైపుది ముందు విప్పి, చివర్లో బిగించండి. మన బండ్లలో ఎర్త్ అంటే దాదాపు ఎప్పుడూ మైనస్సే. బాగా పాతకాలపు బ్రిటిష్ డిజైన్ బండ్లలో ప్లస్సే ఎర్త్‌గా ఉండేది కాబట్టి అలాంటిది చేతిలో ఉంటే ఏ కేబుల్ బాడీకి వెళ్తోందో కళ్లతో చూసుకోండి.

ఒక్క పని మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి "ఇంజిన్ ఆగలేదు కాబట్టి చార్జింగ్ బాగానే ఉంది" అనడం మన దగ్గర బాగా అలవాటు. ఆల్టర్నేటర్లకు ముందు వాడిన డైనమోల కాలంలో అది చెల్లింది. ఆల్టర్నేటర్‌కు బ్యాటరీయే ఆనకట్ట. హఠాత్తుగా అది తొలగితే ఒక్క క్షణం వోల్టేజి పదుల వోల్టులకు ఎగిరి డయోడ్లను, వోల్టేజిని అదుపులో ఉంచే రెగ్యులేటర్‌ను, స్టీరియోను కాల్చేస్తుంది. పైగా ఇంజిన్ ఆగకపోవడం ఏమీ రుజువు చేయదు. 12.5 వోల్టులిచ్చే చచ్చుబండ ఆల్టర్నేటర్‌తో కూడా ఇంజిన్ నడుస్తుంది.

మొదట డాష్‌బోర్డులో ఎర్ర లైటు

తాళం తిప్పి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చూడండి. బ్యాటరీ బొమ్మ ఉన్న ఎర్ర లైటు వెలగాలి. స్టార్ట్ కాగానే ఆరిపోవాలి.

తాళం తిప్పినా వెలగకపోతే సంతోషించకండి, అదే జబ్బు కావచ్చు. చాలా పాత ఆల్టర్నేటర్లలో లోపలి కాయిల్‌కు మొదటి కరెంటు ఈ బల్బు గుండానే అందుతుంది. బల్బు మాడిపోతే ఆల్టర్నేటర్ నిద్ర లేవదు, లేదా బాగా రేస్ చేస్తే తప్ప పని మొదలుపెట్టదు. చిన్న బల్బు పోయినందుకు ఆల్టర్నేటర్ మొత్తం మార్పించుకున్నవాళ్లున్నారు. పరీక్ష ఇలా: ఆల్టర్నేటర్ వెనక సన్న వైర్ల ప్లగ్గు ఊడదీసి, తాళం ఆన్‌లో ఉంచి, టెస్ట్ ల్యాంపు ఒక కొన ఎర్త్‌కు, రెండోది ప్లగ్గులోని ఒక్కో వైరుకు పెట్టండి. ల్యాంపు పూర్తిగా వెలిగితే అది ఇగ్నిషన్ లైను. ల్యాంపు వెలగకుండా డాష్‌బోర్డు లైటు వెలిగితే అది చార్జింగ్ లైటు వైరు, బల్బూ వైరూ బాగున్నాయి, లోపం ఆల్టర్నేటర్‌లో ఉంది. ఎక్కువగా కార్బన్లు అరిగిపోయి ఉంటాయి. ఏ వైరుతోనూ డాష్‌బోర్డు లైటు వెలగకపోతే బల్బు, ఫ్యూజు, వైరు వెతకండి. టెస్ట్ ల్యాంపు లేకుండా వైరును నేరుగా ఎర్త్‌కు తాకించేవాళ్లుంటారు. అది ఇగ్నిషన్ లైనయితే ఫ్యూజు ఎగిరిపోతుంది.

నడుస్తుండగా లైటు సన్నగా మినుకుమంటుంటే డయోడ్ల మీద అనుమానం పెట్టుకోండి. తాళం తీసేశాక కూడా మసకగా వెలుగుతుంటే ఒక డయోడ్ షార్టయినట్టే, రాత్రికి రాత్రే బ్యాటరీని ఖాళీ చేస్తుంది. ఇక లైటు మామూలుగా వెలిగి ఆరిపోయిందంటే అంతా సవ్యంగా ఉందని కాదు. ఆ లైటుకు రెండు వైపుల వోల్టేజి తేడా మాత్రమే తెలుసు. 13 వోల్టులతో ఈసురోమంటూ నడిచే ఆల్టర్నేటర్‌ను అది పట్టించదు.

బ్యాటరీ ముందు, ఆల్టర్నేటర్ తర్వాత

సగం దిగిన బ్యాటరీతో ఆల్టర్నేటర్‌ను పరీక్షిస్తే తప్పుడు లెక్క వస్తుంది. రాత్రంతా ఆగి ఉన్న బండిలో పొద్దున్నే, డోరు కూడా తీయకముందు కాకపోయినా సెల్ఫ్ కొట్టకముందు, మీటరును 20 వోల్టుల డీసీలో పెట్టి బ్యాటరీ రెండు పోస్టుల (పైకి పొడుచుకొచ్చిన సీసం దిమ్మల) మీద కొలవండి. 12.6 ఉంటే నిండు. 12.4 అంటే ముప్పావు, 12.2 అంటే సగం, 12 అంటే పావు. 11.9 కంటే తక్కువయితే ఖాళీ కింద లెక్క. బండి ఆపిన వెంటనే కొలిస్తే ప్లేట్ల మీది పైపై చార్జి వల్ల 12.9 కూడా చూపిస్తుంది, నమ్మకండి. అప్పుడే చూడాలంటే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వెలిగించి ఆపి, పది నిమిషాలు ఆగి కొలవండి.

ఇప్పుడు ఒకరిని సెల్ఫ్ కొట్టమని మీటరు చూస్తుండండి. నిండు బ్యాటరీలో సెల్ఫ్ తిరుగుతుండగా వోల్టేజి 9.6 కిందికి దిగకూడదు. 12.6 చూపించి, సెల్ఫ్ కొట్టగానే 7కు పడిపోతే లోపల సెల్ పోయింది, లేదా సెల్ఫ్ మోటారే ఎక్కువ లాగుతోంది.

హైడ్రోమీటరుతో ఆరు సెల్లూ చూడండి. చార్జయిన సెల్‌లో 1.250 నుంచి 1.280 మధ్య వస్తుంది. అన్నీ సమానంగా 1.180 ఉంటే బ్యాటరీ చెడిపోలేదు, దానికి తిండి అందలేదు. ఐదు సెల్లు 1.250 ఉండి ఒక్కటి 1.150 దగ్గర ఉంటే ఆ బ్యాటరీ అయిపోయింది. సెల్లుల మధ్య తేడా 0.050 దాటితే ఇక ఎంత చార్జ్ చేసినా వృథా.

బెజవాడ ఎండకు బ్యాటరీ నీళ్లు త్వరగా ఆవిరవుతాయి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పదిహేను రోజులకోసారి మూతలు తీసి చూడండి. ప్లేట్లు మునిగి, పైన ఒక సెంటీమీటరు నీళ్లుండాలి. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయాలి. ఏసీ నుంచి కారే నీళ్లు కూడా అంతేకదా అంటారు. అంతే కాదు, కాయిల్ మీది దుమ్మూ లోహపు కణాలూ అందులో ఉంటాయి. నీళ్లు తగ్గాయని యాసిడ్ పోయడం ఇంకా తప్పు, ఆవిరయ్యేది నీరే. ఎండకు ఆవిరయ్యే దానికంటే త్వరగా, నెలకు రెండు మూడు సార్లు నీళ్లు పోయాల్సి వస్తుంటే మాత్రం ఎక్కువ చార్జింగ్ అవుతోందని అర్థం. కింద చెప్పిన 15 వోల్టుల సంగతి చూడండి.

బ్యాటరీ దిగి ఉంటే బయట చార్జరు మీద నింపాకే ముందుకెళ్లండి. బ్యాటరీ సామర్థ్యాన్ని చెప్పే ఆంప్ అవర్ అంకెలో పదో వంతు కరెంటు సరైనది. 35 ఆంప్ అవర్ బ్యాటరీకి 3.5 ఆంపియర్లతో పది, పన్నెండు గంటలు పడుతుంది. దుకాణంలో గంటలో నింపి ఇస్తామంటే వద్దనండి, ప్లేట్లు వంకర పోతాయి.

బెల్టు

దీనికి ఎక్కువసేపు పట్టదు. ఇంజిన్ ఆపి, రెండు పుల్లీల నడుమ ఎక్కువ దూరం ఉన్నచోట బొటనవేలితో గట్టిగా నొక్కండి. సుమారు 10 మిల్లీమీటర్లు దిగాలి. తర్వాత ఆల్టర్నేటర్ ఫ్యాన్‌ను చేత్తో తిప్పి చూడండి. బెల్టు కదలకుండా పుల్లీ ఒక్కటే జారి తిరిగిందంటే వదులు. వీ బెల్టు పక్కలు అద్దంలా మెరుస్తున్నా, పుల్లీ గాడి అడుగు మెరుస్తున్నా బెల్టు అరిగి అడుక్కి దిగి జారుతోంది. ఇక బిగించి లాభం లేదు, మార్చాలి. హెడ్‌లైట్లు వేయగానే "కీచు" మంటే ఇదే. అరుపు పోవాలని బెల్టు మీద సబ్బో పౌడరో రాయకండి. మరీ బిగిస్తే ఆల్టర్నేటర్ బేరింగూ, నీటి పంపు బేరింగూ పోతాయి.

నాలుగు కొలతలు

ఇది అసలు పరీక్ష. మీటరు బ్యాటరీ పోస్టుల మీదే పెట్టి, నాలుగు అంకెలు కాగితం మీద రాసుకోండి. ఒకటి, ఐడిల్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా), లోడ్ లేకుండా, అంటే లైట్లూ ఏసీ ఆపి. రెండు, రెండు వేల ఆర్‌పీఎం దగ్గర లోడ్ లేకుండా. మూడు, అదే రెండు వేల దగ్గర హెడ్‌లైట్లు హైబీమ్, బ్లోయర్ ఫుల్, ఏసీ ఆన్ చేసి. నాలుగు, ఆ లోడ్‌తోనే ఐడిల్‌లో. ఆర్‌పీఎం మీటరు లేని బండిలో మామూలు ఐడిల్ శబ్దానికి రెట్టింపు కంటే కొంచెం ఎక్కువ వచ్చేలా తొక్కితే చాలు.

ఒకటీ రెండూ 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. మూడోది 13.5 పైన నిలబడాలి. నాలుగోది పాత బండ్లలో 12.8 దాకా దిగినా పర్వాలేదు. దీనికి కారణం లెక్కలో ఉంది. రెండు హెడ్‌లైట్లు 55 వాట్లవైతే 9 ఆంపియర్లు, బ్లోయర్ 8 నుంచి 10, ఏసీ క్లచ్ 3 నుంచి 4, కండెన్సర్ ఫ్యాన్ మరో 8. ఇగ్నిషన్ కలిపితే 30 దాటుతుంది. ఐడిల్‌లో చిన్న ఆల్టర్నేటర్ దాని సామర్థ్యంలో సగం కూడా ఇవ్వదు. రామవరప్పాడు రింగు దగ్గర ఏసీ వేసుకుని ఇరవై నిమిషాలు ట్రాఫిక్‌లో నిలబడితే బ్యాటరీ నుంచి రెండు మూడు ఆంప్ అవర్లు పోతాయి. సెల్ఫ్ ఎక్కువసార్లు కొట్టడం వల్ల బ్యాటరీ దిగుతుందని చాలామంది అనుకుంటారు. 150 ఆంపియర్లు మూడు సెకన్లు లాగితే పోయేది 0.125 ఆంప్ అవర్ మాత్రమే. గవర్నరుపేట నుంచి పటమటకు రోజూ ట్రాఫిక్‌లో తిరిగే బండిలో బ్యాటరీ చచ్చిపోయేది సెల్ఫ్ వల్ల కాదు, ఐడిల్‌లో లోడ్ వల్ల.

అంకెలు చదివే తీరు: నాలుగూ 12.6 దగ్గరో అంతకంటే తక్కువో ఉంటే అసలు చార్జింగే లేదు. ఒకటి, రెండు బాగుండి మూడోది 13 కిందికి పడిపోతే బెల్టు జారుతోంది, ఒక డయోడ్ పోయింది, లేదా దారిలో అడ్డుంది. రేస్ చేసినకొద్దీ 15 దాటి 16 వైపు పోతుంటే రెగ్యులేటర్ పోయినట్టు. అలాంటి బండిని నడపకండి, బ్యాటరీ ఉడుకుతుంది, బల్బులు మాడతాయి. అయితే రెగ్యులేటర్‌ను నిందించే ముందు దాని ఎర్త్ చూడండి. రెగ్యులేటర్ విడిగా బాడీకి బిగించి ఉండే బండ్లలో దాని కింద తుప్పు పట్టినా ఇదే జరుగుతుంది. బ్యాటరీలో నిజంగా ఎంత ఉందో దానికి తక్కువగా కనిపించి ఇంకా ఇంకా పంపుతుంటుంది.

ఈ నాలుగూ చల్లటి ఇంజిన్‌తో ఒకసారి, అరగంట నడిపి వేడెక్కాక ఇంకోసారి చూడాలి. వేడికి వోల్టేజిని కాస్త తగ్గించేలా రెగ్యులేటర్లు తయారవుతాయి. మే నెల మధ్యాహ్నం 13.6 చూపిస్తే లోపం కాదు. కానీ పొద్దున్న 14.2 ఉండి, మంగళగిరి దాటేసరికి 12.4 అయిందంటే వేడికి లోపల ఏదో తెగుతోంది. వారధి మీదుగా గుంటూరు దాకా వెళ్లొస్తే ఈ పరీక్ష పూర్తవుతుంది. సిగరెట్ లైటరు సాకెట్‌లో పెట్టే చిన్న వోల్టుమీటరు దొరుకుతుంది, దారి పొడుగునా చూసుకోవచ్చు. వైరు పొడవు వల్ల అది 0.2, 0.3 వోల్టు తక్కువ చూపిస్తుందని గుర్తుంచుకోండి.

దారిలో పోతున్న వోల్టులు

ఎక్కువమంది వదిలేసే పరీక్ష ఇదే, ఎక్కువ బండ్లు బాగుపడేదీ ఇక్కడే. ప్రకాశం బ్యారేజీ నిండుగా ఉన్నా కాలువలో గుర్రపుడెక్క పేరుకుంటే శివారు ఆయకట్టుకు నీళ్లందవు. ఆల్టర్నేటర్ దగ్గర 14.4 ఉండి బ్యాటరీ దగ్గర 13.2 ఉండటం అలాంటిదే.

ఇంజిన్ రెండు వేల దగ్గర, హెడ్‌లైట్లూ బ్లోయరూ ఆన్‌లో ఉంచండి. లోడ్ లేకపోతే ఈ కొలతకు అర్థం లేదు, కరెంటు పారితేనే అడ్డు బయటపడుతుంది. మీటరు ఎర్ర ముల్లు ఆల్టర్నేటర్ వెనక లావు వైరు బిగించిన బోల్టు మీద, నల్ల ముల్లు బ్యాటరీ ప్లస్ పోస్టు మీద. క్లాంపు మీద కాదు, సీసం పోస్టు నడిమధ్యన. 0.3 వోల్టు దాకా సరే. అంతకు మించితే వైరును ముక్కముక్కలుగా కొలుచుకుంటూ రండి: బోల్టు నుంచి ఫ్యూజ్ లింకు (లావు వైరులో ఉండే పెద్ద ఫ్యూజు) దాకా, లింకుకు అటూ ఇటూ, అక్కడి నుంచి బ్యాటరీ లగ్గు (కేబుల్ కొనకు నొక్కిన లోహపు ముక్క) దాకా, లగ్గు నుంచి పోస్టు దాకా. ఎక్కడ అంకె ఒక్కసారిగా దూకితే అదే చోటు. పోస్టుకూ క్లాంపుకూ మధ్యే అర వోల్టు పోయే బండ్లు ఎన్నో. పైకి శుభ్రంగానే కనిపిస్తుంది, విప్పితే లోపల నల్లటి పొర.

డాష్‌బోర్డులో ఆంప్ మీటరు ఉన్న పాత బండ్లలో చార్జింగ్ కరెంటంతా ఆ మీటరు నట్ల గుండా పోతుంది. అవి వదులైతే చార్జింగ్ తగ్గడమే కాదు, వేడెక్కి వెనక వైర్లు కాలతాయి కూడా. తాళం తీసి, బ్యాటరీ ఎర్త్ విప్పి, ఆ నట్లు బిగించండి.

ఇప్పుడు ఎర్త్ వైపు. ఎర్ర ముల్లు ఆల్టర్నేటర్ బాడీ మీద, నల్లది బ్యాటరీ మైనస్ పోస్టు మీద. మీటరు గుర్తు ప్లస్సా మైనస్సా అన్నది వదిలేయండి, అంకె 0.2 దాటకూడదు. దాటితే ఇంజిన్‌కీ బాడీకీ మధ్య ఉండే జడలాంటి రాగి పట్టీని చూడండి. ఇంజిన్ దించి ఎక్కించినప్పుడు దీన్ని తిరిగి బిగించడం మరిచిపోతారు, లేదా పెయింటు మీద బిగిస్తారు. అది లేనప్పుడు కరెంటు యాక్సిలరేటర్ కేబుల్, క్లచ్ కేబుల్ గుండా దారి వెతుక్కుంటుంది. సెల్ఫ్ కొట్టాక యాక్సిలరేటర్ కేబుల్ వేడిగా తగిలితే, ఎర్త్ పట్టీ లేదని అదే చెబుతోంది.

బాగుచేయడం సులువే. బోల్టు విప్పి, పెయింటూ తుప్పూ పోయి లోహం మెరిసేదాకా ఉప్పు కాగితంతో రుద్ది, బిగించి, పైన వాసెలిన్ పూయాలి. ముందే పూసి బిగించకండి. బ్యాటరీ టెర్మినళ్ల మీది తెల్లటి పచ్చటి పొట్టుకు గ్లాసు గోరువెచ్చటి నీళ్లలో చెంచా వంట సోడా కలిపి పోయండి, సెల్ మూతలు మూసి ఉండాలి. లగ్గులో తీగ లోపలిదాకా పచ్చబడి ఉంటే రుద్ది లాభం లేదు, కొత్త లగ్గు నొక్కించండి.

హెడ్‌లైట్లకు 100/90 వాట్ల బల్బులు వేసి ఉంటే వాటికి విడిగా రిలేలు, లావు వైర్లు లేకుండా పాత స్విచ్చు గుండానే నడపడం మరో తప్పు. హైబీమ్‌లో 16 ఆంపియర్లు. ఆల్టర్నేటర్‌కు అది మోయలేని బరువు, స్విచ్చుకు మంట.

ఆల్టర్నేటర్ లోపల

పై పరీక్షలన్నీ దాటి, ఆల్టర్నేటర్ బోల్టు దగ్గర కూడా వోల్టేజి రాకపోతే అప్పుడు దాన్ని అనుమానించండి. విప్పకుండానే ఒకటి తేలుతుంది. మీటరును ఏసీ వోల్టులకు మార్చి, లోడ్‌తో నడుస్తుండగా బ్యాటరీ మీద పెట్టండి. 0.1 లోపు ఉంటే డయోడ్లు బాగున్నాయి. 0.5 చేరితే ఒకటి పోయినట్టే. స్టీరియోలో రేస్‌తో పాటు పెరిగే ఈల కూడా దీని గుర్తే. కొన్ని చవక మీటర్లు డీసీనే ఏసీగా చూపిస్తాయి. ఇంజిన్ ఆపి చూసినప్పుడు సున్నా రాకపోతే ఆ మీటరును ఈ పరీక్షకు నమ్మకండి.

విప్పాక కార్బన్లు 5 మిల్లీమీటర్ల కంటే పొట్టిగా ఉంటే మార్చాలి. రెండు స్లిప్ రింగుల (కార్బన్లు రాసుకునే రాగి వలయాల) మధ్య రెసిస్టెన్సు చాలా ఆల్టర్నేటర్లలో 2.5 నుంచి 5 ఓములుంటుంది. అసలు అంకె రాకపోతే కాయిల్ తెగింది, సున్నా దగ్గరుంటే షార్టయింది. రింగుకూ ఇరుసుకూ మధ్య ఏమీ చూపించకూడదు. డయోడ్లు ఒక వైపు 0.4 నుంచి 0.7, రెండో వైపు ఏమీ చూపించకూడదు. రెండు వైపులా చూపిస్తే షార్టు, ఏ వైపూ చూపించకపోతే ఓపెన్. స్టేటర్ (తిరగకుండా ఉండే కాయిల్) వైర్లు డయోడ్ ప్లేటుకు అతికి ఉండగా ఈ కొలత నమ్మదగ్గది కాదు, సోల్డర్ తీశాకే చూడాలి.

విప్పడం మీ వల్ల కాకపోతే ఆటోనగర్‌లో చేయించండి, కానీ రాసుకున్న నాలుగు అంకెలూ చూపించి ఇవ్వండి. పాత పార్టులు తిరిగి అడగండి. బెంచీ మీద లోడ్ పెట్టి ఎన్ని ఆంపియర్లు ఇస్తోందో చూపించమనండి, వోల్టులు చూపిస్తే సరిపోదు. రీకండిషన్ చేసినదాన్ని మార్పిడిగా ఇస్తుంటే పాతదాని పుల్లీ పక్కన కొత్తదాని పుల్లీ పెట్టి చూడండి. పెద్ద పుల్లీ వస్తే ఆల్టర్నేటర్ నెమ్మదిగా తిరిగి ఐడిల్‌లో చార్జింగే ఉండదు. ఈ తేడా వల్ల ఎన్నిసార్లు తిరిగినా లోపం దొరకదు.

పాత డీజిల్ బండ్లలో చాలావాటికి ఆల్టర్నేటర్ వెనకే వాక్యూమ్ పంపు ఉంటుంది. దాని సీలు పోతే ఇంజిన్ ఆయిల్ లోపలికి వచ్చి కార్బన్లు తడుస్తాయి, కొత్తవి వేసినా నిలవవు. సీలు మార్చనిదే కార్బన్లు మార్చకండి. బ్రేకు బూస్టరుకు వాక్యూమ్ ఇచ్చేదీ ఆ పంపే. తిరిగి బిగించాక రోడ్డెక్కే ముందు, ఇంజిన్ నడుస్తుండగా బ్రేకు పెడల్ మెత్తగా దిగుతోందా చూసుకోండి.

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి వచ్చినప్పుడు మునిగిన బండ్లు ఎన్నో చేతులు మారాయి. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండికి తరచూ చార్జింగ్ ఇబ్బంది వస్తుంటే ఆల్టర్నేటర్ రెక్కల సందుల్లో టార్చి వేసి ఎండిన ఒండ్రు ఉందేమో చూడండి. సీట్ల కింద ఎర్త్ బోల్టులు తుప్పు పట్టి, ప్లగ్గుల్లో రాగి పచ్చబడి ఉంటే అనుమానం అక్కర్లేదు. ఒండ్రు కార్బన్లను గూట్లో బిగుసుకుపోయేలా చేస్తుంది, తట్టితే కాసేపు పనిచేసి మళ్లీ ఆగుతుంది. అలాంటిదాన్ని పూర్తిగా విప్పి కడిగి ఆరబెట్టి, రెండు బేరింగులూ మార్చాలి.

ఆగి ఉన్న బండిలో కరెంటు తాగేది

చార్జింగ్ అంకెలన్నీ సరిగా ఉండి, రెండు మూడు రోజులు ఆగితే మాత్రం బ్యాటరీ దిగిపోతుంటే ఇది చేయండి. అన్నీ ఆపి, తాళం తీసి, తలుపులు మూయండి. బానెట్ కింద లైటుంటే దాని బల్బు తీసేయండి. బ్యాటరీ మైనస్ కేబుల్ విప్పి, పోస్టుకూ కేబుల్‌కూ మధ్య ముందు టెస్ట్ ల్యాంపు పెట్టండి. ధగధగా వెలిగితే ఆంపియరు పైనే పోతోంది, మీటరు అక్కర్లేదు, ల్యాంపుతోనే వెతకండి. వెలగకపోతే ల్యాంపు తీసి 10 ఆంపియర్లలో ఉన్న మీటరు పెట్టండి. మీటరు పెట్టి ఉండగా పొరపాటున కూడా సెల్ఫ్ కొట్టకండి. 0.03 ఆంపియరు లోపు ఉంటే మామూలే. 0.3 ఉంటే 35 ఆంప్ అవర్ బ్యాటరీ రెండున్నర రోజులకు సగం ఖాళీ.

ఫ్యూజులు ఒక్కొక్కటే తీస్తూ అంకె ఎప్పుడు పడిపోతుందో చూడండి. స్టీరియో, తర్వాత వేయించిన సెంట్రల్ లాకింగ్, డిక్కీ లైటు, రివర్స్ పాట హారను, ఇవే మామూలు దొంగలు. ఏ ఫ్యూజు తీసినా తగ్గకపోతే కేబుల్ విప్పి ఉంచే ఆల్టర్నేటర్ లావు వైరును తీసి, కొనకు టేపు చుట్టి, మళ్లీ కొలవండి. అంకె సున్నాకు దగ్గరైతే డయోడ్ కారుతోంది.

డైనమో ఉన్న బండి

లూకాస్ రకం డైనమో, కటౌటు బాక్సు (దాని చార్జింగ్‌ను నియంత్రించే పెట్టె) ఉన్న పాత అంబాసిడర్‌కు పరీక్ష వేరు. డైనమో మీది రెండు వైర్లూ తీసి, రెండు టెర్మినళ్లనూ చిన్న తీగతో కలిపి, అక్కడి నుంచి ఎర్త్‌కు వోల్టుమీటరు పెట్టండి. ఇంజిన్‌ను నెమ్మదిగా లేపితే వోల్టేజి తొణక్కుండా 20 దాకా ఎక్కాలి. అక్కడే ఆపండి, ఇంకా రేస్ చేయకండి. ఎక్కితే డైనమో బాగుంది, లోపం కటౌటు బాక్సులోనో వైర్లలోనో ఉంది. అర వోల్టు దగ్గరే ఆగితే ఫీల్డ్ కాయిల్ చూడాలి, సున్నా అయితే కార్బన్లు. ఐడిల్‌లో ఎర్ర లైటు మినుకుమనడం డైనమోకు సహజం, దాన్ని రోగం అనుకోకండి.

దారిలో ఎర్ర లైటు వెలిగితే

ముందు ఆగి, బానెట్ ఎత్తి బెల్టు చూడండి. చాలా బండ్లలో నీటి పంపును తిప్పేది ఆ బెల్టే. తెగి ఉంటే ఒక్క కిలోమీటరు కూడా నడపకండి, చార్జింగ్ మాట దేవుడెరుగు, ఇంజిన్ వేడెక్కి హెడ్ గాస్కెట్ పోతుంది. చూడటానికి ఇంజిన్ ఆపనక్కర్లేదు, చేతులూ కండువా బెల్టుకు దూరంగా ఉంచండి.

బెల్టు ఉంటే ఏసీ, బ్లోయర్, స్టీరియో ఆపేయండి. కార్బురేటర్ మారుతి 800 పగటిపూట ఇగ్నిషన్‌తో, అప్పుడప్పుడు తిరిగే రేడియేటర్ ఫ్యాన్‌తో ఐదారు ఆంపియర్లకు మించి తీసుకోదు. నిండు బ్యాటరీతో రెండు మూడు గంటలు లాగుతుంది, గుంటూరు నుంచి బెజవాడ చేరడానికి ఢోకా లేదు. రాత్రి హెడ్‌లైట్లతో అయితే గంట, గంటంబావు, అంతే. మెకానికల్ పంపు ఉన్న పాత డీజిల్‌కు ఇంధనం ఆపే సోలనాయిడ్ ఒక్కటే కరెంటు తీసుకుంటుంది, పగలు అది ఇంకా చాలా దూరం వస్తుంది. ఏ బండయినా టీ తాగడానికి మధ్యలో ఇంజిన్ ఆపకండి, మళ్లీ సెల్ఫ్ తిరగకపోవచ్చు. నేరుగా ఎలక్ట్రీషియన్ దుకాణం ముందే ఆపండి.